గూగుల్ క్యాలెండర్: ఇంటికీ అంగడికీ కలిపి వాడితే ఎంతవరకు పనికొస్తుంది?

కడపలో చిన్న అంగడి నడుపుతూ ఇల్లు కూడా చూసుకునేవాళ్లకి గుర్తుపెట్టుకోవాల్సిన తేదీలకు కొదవ లేదు. కొళాయి నీళ్లు వచ్చే రోజు, జీఎస్టీ గడువు, పిల్లల ఫీజు, బండి ఇన్సూరెన్స్, గ్యాస్ బుకింగ్, పెద్దల తద్దినం, చెన్నైకి సరుకు కోసం వెళ్లే రైలు. వీటిలో సగం ఇంటాయన తలలో, సగం ఇంటావిడ తలలో ఉంటాయి. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియకపోవడమే చాలా ఇళ్లలో అసలు చిక్కు. అందుకే గూగుల్ క్యాలెండర్‌ని ఒక మనిషి వాడే యాప్‌గా కాకుండా, ఇద్దరు ముగ్గురు కలిసి వాడే సాధనంగా ఇక్కడ తూకం వేస్తున్నాం.

తీర్పు ముందే చెప్పేస్తాం. ఫలానా రోజు, ఫలానా గంటకి జరిగి తీరే పనులకి ఇంతకంటే మంచిది ఉచితంగా దొరకదు. గంట లేని పనులకి దీన్ని వాడితే వారం తిరక్కుండానే చిరాకు పుడుతుంది. తిథుల లెక్క దీనికి అసలే రాదు. ఈ మూడూ తెలిసి మొదలుపెడితే చాలాకాలం నిలబడుతుంది.

మొట్టమొదట చూసుకోవాల్సింది ఏ యాప్ తెరుస్తున్నామన్నది. చాలా ఫోన్లలో కంపెనీ వాళ్లే క్యాలెండర్ అని ఇంకో యాప్ పెట్టి ఇస్తారు. దాంట్లో ఈవెంట్ రాస్తే అది ఒక్కోసారి గూగుల్ ఖాతాలోకి వెళ్లదు, ఫోన్‌లోనే ఉండిపోతుంది. ఫోన్ పగిలినా, మార్చినా ఆ తేదీలన్నీ పోతాయి. ఇంట్లో రెండో మనిషికి అవి ఎప్పటికీ కనిపించవు. ప్లే స్టోర్ నుంచి గూగుల్ వాళ్లదే వేసుకుని, ఈవెంట్ సేవ్ చేసే ముందు ఖాతా దగ్గర మీ జీమెయిల్ పేరు ఉందో లేదో చూడండి. రెండు మూడు జీమెయిల్ ఖాతాలున్న ఫోన్లలో ఇది మరీ అవసరం.

ఇక ఉమ్మడి క్యాలెండర్. దీన్ని ఫోన్‌లో వెతుక్కునే బదులు కంప్యూటర్‌లో వెబ్‌సైట్ తెరిచి చేసుకోవడం తేలిక. ఎడమవైపు 'ఇతర క్యాలెండర్లు' పక్కనున్న ప్లస్ గుర్తు నొక్కి కొత్త క్యాలెండర్ సృష్టించండి. 'ఇల్లు' అని ఒకటి, 'అంగడి' అని ఒకటి చాలు. పిల్లలకొకటి, బ్యాంకుకొకటి, పండగలకొకటి అని ఏడెనిమిది చేసుకున్నవాళ్లు ఏది ఎందులో రాశారో మరిచిపోతారు. తర్వాత ఆ క్యాలెండర్ సెట్టింగుల్లోకి వెళ్లి రెండో వ్యక్తి జీమెయిల్ చేర్చాలి. అక్కడ నాలుగు రకాల అనుమతులు కనిపిస్తాయి: ఖాళీగా ఉన్నారో లేదో మాత్రమే చూడటం, వివరాలన్నీ చూడటం, మార్పులు చేయడం, మార్పులతో పాటు ఇంకొకరికి పంచే హక్కు. ఇంటి క్యాలెండర్‌కి భార్యాభర్తలిద్దరికీ మార్పులు చేసే అనుమతి ఉండాలి. ఒకరే రాసి ఇంకొకరు చూస్తూ ఉండే పద్ధతి ఎక్కువ రోజులు సాగదు. రాసేవాళ్లకి విసుగు, చూసేవాళ్లకి నిర్లక్ష్యం వస్తాయి.

చాలామంది ఆగిపోయేది ఈ తర్వాతి మెట్టు దగ్గరే. పంచగానే అవతలివాళ్ల ఫోన్‌లో దానంతటదే కనిపించదు. వాళ్లకొక మెయిల్ వెళ్తుంది, అందులోని లింకు నొక్కి చేర్చుకోవాలి. అప్పటికీ కనిపించకపోతే ఫోన్‌లో యాప్ సెట్టింగులు తెరిచి, ఆ క్యాలెండర్ పేరు మీద నొక్కి సింక్ ఆన్ చేయాలి. ఎడమవైపు మెనూలో దాని పక్కన టిక్ కూడా ఉండాలి. ఈ రెండూ చూడకుండా 'ఈ యాప్ పనిచేయదు' అని తీసేసిన ఇళ్లు చాలానే ఉంటాయి.

గూగుల్‌లో ఫ్యామిలీ గ్రూప్ ఉంటే ఫ్యామిలీ క్యాలెండర్ దానంతటదే తయారవుతుంది. గ్రూప్‌లో మొత్తం ఆరుగురి దాకా ఉండొచ్చు. అయితే పిల్లలతో సహా అందరూ అన్నీ మార్చేయగలరు కాబట్టి, విడిగా చేసుకున్న 'ఇల్లు' క్యాలెండరే మేలనిపిస్తుంది.

యాప్ బలమంతా మళ్లీ మళ్లీ వచ్చే పనుల దగ్గర తెలుస్తుంది. రోజు విడిచి రోజు కొళాయి వచ్చే వీధిలో ఉన్నారనుకోండి. ఒక ఈవెంట్ రాసి, పునరావృతం దగ్గర 'అనుకూలం' ఎంచుకుని, ప్రతి 2 రోజులకి అని పెట్టండి. పైపు పగిలో, కరెంటు లేకో ఒకరోజు నీళ్లు తప్పి, వరుస ఒక రోజు జరిగిందంటే పాతదంతా చెరిపి మళ్లీ రాయనక్కర్లేదు. ఆ ఈవెంట్ తేదీ మార్చి సేవ్ చేసేటప్పుడు 'ఇదీ, దీని తర్వాతివీ' అన్న దాన్ని ఎంచుకుంటే చాలు. 'అన్నీ' అన్న దాన్ని నొక్కితే వెనకటి తేదీలు కూడా మారిపోతాయి, ఎప్పుడు నీళ్లొచ్చాయో చూసుకునే దారి ఉండదు. 'ఇది మాత్రమే' నొక్కితే ఎల్లుండి మళ్లీ పాత వరుసే వస్తుంది. పొరపాటున చెరిపేసినా కంప్యూటర్‌లో ట్రాష్ తెరిస్తే సుమారు 30 రోజుల దాకా వెనక్కి తెచ్చుకోవచ్చు.

బ్యాంకు సెలవులది ఇంకో రకం మెలిక. రెండో శనివారం సరిగ్గానే పడుతుంది: ఏదైనా రెండో శనివారం తేదీ మీద ఈవెంట్ రాస్తే 'ప్రతి నెలా రెండో శనివారం' అని అదే చూపిస్తుంది. నాలుగో శనివారం దగ్గర మాత్రం, ఆ నెలలో నాలుగే శనివారాలుంటే 'నాలుగో శనివారం', 'చివరి శనివారం' అని రెండు వరుసలు కనిపిస్తాయి. చివరిది ఎంచుకుంటే ఐదు శనివారాలున్న నెలలో తప్పు చూపిస్తుంది. ఐదో శనివారం బ్యాంకు తెరిచే ఉంటుంది.

నెలాఖరు పనులకీ ఇలాంటి ఇబ్బందే ఉంది. 31వ తేదీ మీద 'ప్రతి నెలా' అని పెడితే 30 రోజుల నెలల్లో, ఫిబ్రవరిలో అది అసలు రాదు. యాప్ ఏ హెచ్చరికా చేయదు. అద్దె, జీతాల లెక్క లాంటివి 1వ తేదీ మీద పెట్టి, ఒకరోజు ముందు గుర్తుచేయమనండి.

ఇప్పుడు అంగడి వాళ్లకి అసలు విషయం, జీఎస్టీ. నెలనెలా రిటర్ను వేసేవాళ్లకి జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్ను) తర్వాతి నెల 11వ తేదీలోగా, జీఎస్టీఆర్-3బి (పన్ను లెక్కగట్టి కట్టే రిటర్ను) 20వ తేదీలోగా వెళ్లాలి. 5 కోట్ల లోపు టర్నోవర్ ఉండి మూడు నెలలకోసారి వేసే పద్ధతి ఎంచుకున్నవాళ్లకి ఆంధ్రప్రదేశ్‌లో 3బి గడువు త్రైమాసికం ముగిశాక వచ్చే నెల 22. ఆలస్యమైతే రోజుకి 50 రూపాయలు, అమ్మకాలు లేని రిటర్నుకి రోజుకి 20 రూపాయలు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. ఇవి తెలియనివాళ్లు తక్కువే. అయినా గడువు ఎందుకు తప్పుతుందంటే, క్యాలెండర్‌లో 11 అని రాసుకుంటారు కాబట్టి. 11 అకౌంటెంట్ గడువు, అంగడి గడువు కాదు. కొనుగోలు బిల్లులు, అమ్మకాల పట్టీ ఆయన చేతికి 5వ తేదీకల్లా చేరాలి. ఆరోజు చేరాలంటే 3వ తేదీ మధ్యాహ్నం కూర్చుని ఫైలు సర్దాలి.

కాబట్టి ఒక్క జీఎస్టీకి మూడు ఈవెంట్లు రాయాలి. '3వ తేదీ: బిల్లులు సర్దడం, మధ్యాహ్నం 2:30 నుంచి 4:00'. '5వ తేదీ: ఫైలు అకౌంటెంట్‌కి'. '10వ తేదీ: రిటర్ను వెళ్లిందా, ఫోన్ చేసి అడగాలి'. గడువు రోజు మీద ఏమీ రాయకపోయినా నష్టం లేదు. సరఫరాదారు బిల్లు ఒకటి రాలేదని 5న తెలిస్తే తెప్పించుకోవడానికి టైముంది. 11న తెలిస్తే లేదు. నోటీసు పడే ఏ పనికైనా ఇదే దారి: గడువును కాదు, గడువుకి ముందు మీ చేతులతో చేయాల్సిన పనిని రాయండి. ఇంటి పన్నూ అంతే. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30లోగా కడితే 5 శాతం రాయితీ వస్తుంది, కానీ ఈవెంట్ ఏప్రిల్ 30 మీద కాకుండా 10 ప్రాంతంలో ఉండాలి. చివరి రోజు సర్వర్ మొరాయిస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

నోటిఫికేషన్ల లెక్క తెలియకపోతే ఈ శ్రమంతా వృథా. కొత్త ఈవెంట్‌కి మామూలుగా 30 నిమిషాల ముందు ఒక్కసారి మోగుతుంది. అంగడి పనికి అది చాలదు, బేరం మీద ఉన్నప్పుడు మోగి వెళ్లిపోతుంది. ఒక్కో ఈవెంట్‌కి ఐదు దాకా పెట్టుకోవచ్చు. ఒకరోజు ముందు, రెండు గంటల ముందు అని రెండు పెడితే సరిపోతుంది. ఐదూ పెట్టేస్తే చూడకుండానే తోసేయడం అలవాటైపోతుంది.

ఇంకో హద్దు: నాలుగు వారాలకి మించి ముందుగా గుర్తుచేయమంటే ఒప్పుకోదు. రైలు టిక్కెట్ల దగ్గర ఇది తగులుతుంది. రిజర్వేషన్ 2024 నవంబరు 1 నుంచి ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తున్నారు, ప్రయాణం రోజు లెక్కలోకి రాదు. జనవరి 14న రైలెక్కాలంటే నవంబరు 15 ఉదయం 8 గంటలకి టిక్కెట్లు తెరుచుకుంటాయి. జనవరి ఈవెంట్‌కి గుర్తుచేయడం పెట్టి లాభం లేదు. నవంబరు 15 మీద '7:45: సంక్రాంతి టిక్కెట్లు' అని విడిగా రాయాలి, అందులో ప్రయాణించేవాళ్ల పేర్లు, వయసులు కూడా రాసి ఉంచితే అప్పుడు వెతుక్కోనక్కర్లేదు. తత్కాల్ ముందురోజు ఏసీకి 10 గంటలకి, మిగతావాటికి 11 గంటలకి.

అసలు మోగడమే లేదంటే తప్పు యాప్‌ది కాకపోవచ్చు. బ్యాటరీ మిగల్చడానికి కొన్ని ఫోన్లు వెనక నడిచే యాప్‌లని ఆపేస్తాయి. ఫోన్ సెట్టింగుల్లో యాప్స్, క్యాలెండర్, బ్యాటరీ అని వరుసగా వెళ్లి ఆంక్షలు తీసేయండి. ఆటోస్టార్ట్ అన్న మీట ఉంటే ఆన్ చేయండి. నోటిఫికేషన్ అనుమతి, దాని శబ్దం కూడా ఒకసారి చూడండి. అన్నీ అయ్యాక పది నిమిషాల తర్వాత మోగేలా ఒక ఉత్తుత్తి ఈవెంట్ పెట్టి, ఫోన్ లాక్ చేసి పరీక్షించాలి. అన్నీ సరిగ్గా ఉన్నా ఇది అలారం కాదు, ఒక్కసారి టింగుమని ఊరుకుంటుంది. పెద్దవాళ్ల మాత్రల వేళకీ, తెల్లవారుజామున మోటార్ వేయడానికీ గడియారం యాప్‌లో అలారమే పెట్టుకోవాలి.

గంట లేని పనుల సంగతి. 'ఫ్యాన్ మేస్త్రీని పిలవాలి', 'పాత పేపర్లు అమ్మేయాలి' లాంటివి ఈవెంట్‌గా రాస్తే ఆ గంట దాటగానే వెనక్కి పోయి కనుమరుగవుతాయి. చేయలేదన్న గుర్తు ఎక్కడా మిగలదు. వాటికి అదే ప్లస్ గుర్తు కింద ఉన్న 'టాస్క్' వాడాలి. టాస్క్ చేశామని టిక్ పెట్టేదాకా పెండింగులో కనిపిస్తూనే ఉంటుంది. తేదీ పెట్టని టాస్క్ మాత్రం క్యాలెండర్‌లో రాదు, టాస్క్స్ యాప్‌లోనే ఉంటుంది. ఏదో ఒక తేదీ ఇవ్వండి.

టాస్క్‌ల్లో రెండు లోపాలున్నాయి, రెండూ ఇంటివాళ్లకి తగిలేవే. మొదటిది, మామూలు జీమెయిల్ ఖాతాలో టాస్క్ జాబితాని ఇంకొకరితో పంచుకోలేం. కిరాణా పట్టీ లాంటివి గూగుల్ కీప్ అనే నోట్స్ యాప్‌లో టిక్ పెట్టెలతో రాసి, ఆ నోటుకి ఇంట్లోవాళ్లని చేర్చడం దీనికి మంచి విరుగుడు; ఒకరు అంగట్లో టిక్ పెడితే ఇంకొకరికి ఇంట్లో కనిపిస్తుంది. రెండోది ఇంకొంచెం లోతైనది. ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ రెండు మూడు నెలలకోసారి చూడాలి. ఈసారి నెల ఆలస్యంగా పోశామనుకోండి, తర్వాతి గడువు పోసిన రోజు నుంచి లెక్క కట్టాలి కదా. గూగుల్ టాస్క్ అలా కట్టదు, పాత తేదీల వరుసలోనే వస్తుంది. ఆర్ఓ ఫిల్టర్, ట్యాంకు కడగడం, బండి సర్వీసు అన్నిటికీ ఇదే బాధ. టుడూయిస్ట్ అనే యాప్‌లో పూర్తి చేసిన రోజు నుంచి లెక్క మొదలయ్యే పద్ధతి ఉంది. ఇలాంటి మరమ్మతు పనులు ఎక్కువగా ఉన్నవాళ్లు వాటి మటుకు దాన్ని వాడుకోవచ్చు. గూగుల్‌లోనే సర్దుకుంటామంటే పునరావృతం పెట్టకండి. పని అయిన రోజున ఈవెంట్ రాసి, వెంటనే తర్వాతి తేదీకి ఇంకొకటి రాసేయండి. దీనివల్ల ఒక లాభం కూడా ఉంది: పైన వెతుకులాట పెట్టెలో 'ఫిల్టర్' అని కొడితే ఎప్పుడెప్పుడు మార్చారో అంతా బయటికొస్తుంది. సర్వీసు మనిషి 'పోయిన నెలే కదా మార్చింది' అన్నప్పుడు చూపించడానికి తేదీ ఉంటుంది.

గోడ క్యాలెండర్‌ని తీసేయమని మాత్రం చెప్పం. ఉగాది 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న వచ్చింది. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం పడింది. ఇలాంటి లెక్కల్ని 'ప్రతి ఏటా' అనే మీట పట్టుకోలేదు. తాతగారి తద్దినం ఇంగ్లిష్ తేదీకి ఏటా పునరావృతం అని పెడితే మరుసటేడు తప్పు రోజున మోగుతుంది, దాన్ని నమ్మి పురోహితుణ్ణి పిలిస్తే ఇంకా ఇబ్బంది. గూగుల్ క్యాలెండర్ ఇచ్చే సెలవుల పట్టికలో పెద్ద పండగలు దొరుకుతాయి గానీ తిథి, వర్జ్యం, రాహుకాలం ఉండవు. ఉగాదికి కొత్త పంచాంగం ఇంటికి రాగానే ఇద్దరూ కూర్చుని ఆ ఏటి తద్దినాలు, వ్రతాలు, ఊరి తిరనాళ్లు, శ్రీశైలం వెళ్లే శివరాత్రి ఒక్కొక్కటిగా ఎక్కించుకోవడం ఒక్కటే దారి, పునరావృతం లేకుండా. గంటలోపు పని. ముస్లిం ఇళ్లలో అయితే సెట్టింగుల్లో ప్రత్యామ్నాయ క్యాలెండర్ కింద హిజ్రీ ఎంచుకుంటే తేదీ పక్కనే అదీ కనిపిస్తుంది. రంజాన్ ఏటా దాదాపు 11 రోజులు ముందుకి జరుగుతుంది కాబట్టి అంగడి సరుకు ఎప్పుడు తెప్పించాలో ముందే చూసుకోవడానికి ఇది బాగా ఉపయోగం. నెలవంకని బట్టి ఒకరోజు అటూ ఇటూ అవుతుందని గుర్తుంచుకోవాలి. పాల లెక్క, పేపర్ లెక్క కూడా గోడ మీదే ఉండనివ్వండి. గడిలో పెన్నుతో ఒక గీత పెట్టడం కన్నా ఫోన్ తీయడం ఎప్పటికీ ఎక్కువ పనే.

రోజుని గంటలుగా పంచుకోవడానికి వాడేటప్పుడు ఊరి ఎండని, వీధి బేరాన్ని లెక్కలోకి తీసుకోవాలి. కడప ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో బయటి పనులన్నీ పొద్దున పదిలోపే పెట్టాలి. మధ్యాహ్నం వై.వి. స్ట్రీట్‌లో జనం పలచబడే వేళ లెక్కలకి, ఫోన్లకి, ఆర్డర్లకి సరైన సమయం. సాయంత్రం బేరం మొదలయ్యాక ఏ ఈవెంట్ రాసినా జరగదు, రాయకండి. బ్యాంకు పనికి యాప్ తనంతట ఒక గంట చూపిస్తుంది. వెళ్లి రావడం, వరుసలో నిలబడటం కలిపి గంటన్నర పెట్టండి. రోజులో సగానికి మించి నింపినవాళ్ల క్యాలెండర్ మధ్యాహ్నానికల్లా అబద్ధమైపోతుంది. ఆ తర్వాత దాన్ని ఎవరూ తెరవరు. వారానికోసారి, అంగడి సెలవు రోజున, ఇద్దరూ కలిసి ఇరవై నిమిషాలు వచ్చే వారాన్ని చూసుకోవాలి. ఇది లేకపోతే ఉమ్మడి క్యాలెండర్ ఉన్నా ఎవరి లోకం వారిదే.

నెట్ లేకపోయినా ఫోన్‌లో ఉన్నవి కనిపిస్తాయి, రాసుకోవచ్చు కూడా. నెట్ వచ్చాక అవతలివాళ్లకి చేరతాయి. పల్లెల్లో తిరిగే పని ఉన్నవాళ్లకి ఇది మంచి సంగతి. చెడ్డ సంగతి ఒకటుంది: ఎవరెవరో పంపే లాటరీ, లోన్ ఆహ్వానాలు నేరుగా క్యాలెండర్‌లో వచ్చి కూర్చుంటాయి. కంప్యూటర్‌లో ఈవెంట్ సెట్టింగులు తెరిచి, ఆహ్వానాలు తెలిసినవాళ్ల నుంచి వస్తేనే చేర్చమని పెట్టండి. అలాంటి వాటిలోని లింకు నొక్కొద్దని ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పండి.

అంగట్లో పనిచేసే కుర్రాళ్లకి 'అంగడి' క్యాలెండర్ చూసే అనుమతి ఇస్తే సరుకు వచ్చే రోజు, సెలవులు వాళ్లే చూసుకుంటారు, ఫోన్లు తగ్గుతాయి. మార్చే అనుమతి వద్దు. బ్యాంకు డబ్బు కట్టే వేళ, ఇంటికి తాళం వేసి ఊరెళ్లే తేదీలు ఆ క్యాలెండర్‌లో రాయకూడదు, అవి 'ఇల్లు'లోనే ఉండాలి. ఎవరైనా పని మానేసిన రోజే సెట్టింగుల్లోకి వెళ్లి వాళ్ల జీమెయిల్ తీసేయండి, లేకపోతే ఎన్నేళ్లయినా వాళ్లకి అన్నీ కనిపిస్తూనే ఉంటాయి.